ఆల్జీబ్రా అంటే అతుకుడేనట

మా చిన్నప్పుడు... అంటే నేను పదో తరగతిలో ఉన్న ఏడు, తెలంగాణ సమ్మెతో మేడిపల్లిలో మా బడికి తాళం పడింది. మొదటి వారం పండగే. ఆ తర్వాత ఇంట్లో కూర్చోబుద్ధి కాదు, బయట తిరగబుద్ధి కాదు... కాలుగాలిన పిల్లిలా ఉండేదాన్ని.

మా లెక్కల సారు రోడ్డు పక్కన దీక్ష టెంటులో కూర్చునేవారు. పుస్తకం పట్టుకుని రోజూ పోయేదాన్ని. పాఠం చెబితే సమ్మె తప్పినట్టేనని ఆయన పట్టు. నాకు ఒళ్లు మండేది.

అంతలోనే మా బాపు కల్లు గీస్తూ తాడిచెట్టు మీంచి పడ్డాడు. కుడి చెయ్యి విరిగింది. బస్సులు బందు, జగిత్యాల దవాఖానకు పోయే దారిలో రాస్తారోకో... చివరికి ఊళ్లో ఎముకలు కట్టే తాతే కోడిగుడ్డు సొన రాసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. గీసే చెయ్యి ఆగేసరికి అవ్వ (అమ్మను మేం అలాగే పిలుస్తాం) బీడీల చాట నా ఒళ్లో పెట్టింది. బడి తెరిచినా ఇక పోయేది లేదంది. తునికాకు కత్తిరిస్తుంటే ఏడుపొచ్చేది.

ఒకరోజు ఉండబట్టలేక టెంటుకు పోయి, చదువు మానేస్తున్నానని, ఇక ఆల్జీబ్రా ముఖం చూడనని సారుకు చెప్పేశాను. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"పాఠమైతె చెప్ప బిడ్డా. గని గా మాట ఏడికెల్లి అచ్చిందో చెప్తె పాఠం గాదు. అల్ జబ్ర్ అని అరబ్బీ మాట అది. ఇరిగినదాన్ని మళ్ల అతుకవెట్టుడని అర్థం. ఒక దేశంల ఎముకలు గట్టెటోన్ని సుత గదే పేరుతోని పిలిచెటోళ్లట."

ఆ సాయంత్రం బీడీలు చుడుతూనే ఇంట్లో ఈ సంగతి చెప్పాను. బాపు తన కట్టు వంక చూసుకున్నాడు. తర్వాత ఎడమచేత్తో నా ముందున్న చాటను అవ్వ వైపు జరిపాడు.

"నా చెయ్యి అతుకుతదో లేదో తెల్వదు. దీని సదువు ఇరిగితె మాత్రం ఎవలు గట్టరు. సదువుకోనియ్యి."

అవ్వ ఆ చాటను తన ఒళ్లోకి లాక్కుంది. బడి తెరిచిన రోజు అందరికంటే ముందు గేటు దగ్గర నేనే ఉన్నాను.

ఇప్పుడు ఏ మాట ఎక్కడ పుట్టిందో ఫోన్లో చిటికెలో దొరుకుతుంది... ఎవరి దగ్గరికీ నడిచి పోనక్కర్లేదు. ఆ సమ్మె రోజుల్లో మీ చదువు ఆగిపోకుండా అడ్డుపడ్డవాళ్లు ఎవరో మీరూ రాయండి, చదవాలని ఉంది.

తెలంగాణ వచ్చింది. నేను లెక్కల టీచర్‌నయ్యాను. బాపు చెయ్యి మాత్రం వంకరగా అతుక్కుంది... ఆయన ఎడమచేత్తో అన్నం తింటుంటే ఇప్పటికీ అటు చూడలేను.