ఆయిలు తోడిన డాక్టరమ్మ

డాక్టరమ్మ పోయారన్న కబురు మా బిట్రగుంట రైల్వే క్వార్టర్సుకి తెచ్చింది ఆమె కారు డ్రైవరు. సాయిబన్న అని పిలిచేదాన్ని. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి, "వార్డుకి పోతా పోతా వరండాలో కూలబడినారమ్మా. మేం పట్టుకునే లోపలే అయిపోయినాది" అన్నాడు. మంచినీళ్లిస్తే సగం తాగి, తిరుగు బండి వేళైందని వెళ్లిపోయాడు. అప్పటినుంచి నాకు ఇంట్లో ఒకచోట కాలు నిలవడం లేదు. పొయ్యి మీద ఏదో పెడతాను, మరిచిపోతాను. రాస్తే కాస్త కుదుటపడతానేమోనని ఇది రాస్తున్నాను.

పెళ్లికి ముందు నేను నాయుడుపేటలో ఆమె ఆసుపత్రిలో నర్సుని. ఆమె దగ్గర పనిచేయడమంటే ఆమె వెనక పరిగెత్తడమే. కాఫీ నిలబడే తాగేవారు. కూర్చోమంటే, "కూర్చుంటే లేచేదానికి మళ్లా టైం కావాల" అనేవారు. రోగి తన బాధ చెప్పుకునేటప్పుడు మాత్రం, ఎంత సాగదీసినా, మధ్యలో అడ్డం రాగా నేను చూడలేదు.

ఆ తొందర కారుకీ తప్పలేదు. ఆయిలు మార్చాలంటే షెడ్డులో గుంత మీద కారు నిలిపి, ఇంజను వేడిగా ఉండగానే అడుగు బోల్టు విప్పి, పాత ఆయిలంతా కారిపోయేదాకా ఆగాలన్నది సాయిబన్న పట్టుదల. దానికి ఒక పూట పడుతుంది. ఆ పూట ఆమె ఇచ్చేవారు కాదు.

"విషం తాగినోళ్లకి కడుపులోది పైనించే గొట్టంతో తీస్తాం గదన్నా. దీనికీ పైన బొక్క ఉండాది గదా, ఆయిలు చూసే కడ్డీ పెట్టేది. దాంట్లోంచి లాగేస్తే పోలా?"

"లాగొచ్చమ్మా. అడుగున మడ్డి మాత్రం అట్టే ఉండిపోతాది. పైన పోసిన కొత్తదీ చెడతాది."

"సరే, వచ్చే వారం చూద్దాం."

ఆ వారం వచ్చేది కాదు. ఆమె ఎప్పుడు ఒప్పుకుంటారోనని సాయిబన్న కొత్త ఆయిలు డబ్బా డిక్కీలో పెట్టుకుని తిరిగేవాడు.

ఒక ఏడు తుఫాను వెలిసిన మర్నాడు, సముద్రం వైపు పల్లెనుంచి ఒకతను తడిసిన బట్టలతో వచ్చాడు. భార్యకు నొప్పులు మొదలై చాలాసేపయిందట. వెళ్లి చూస్తే బిడ్డ అడ్డం తిరిగి ఉంది. ఆపరేషను తప్పదు. ఆమెనూ అత్తనూ వెనక సీట్లోకి ఎక్కించుకుని, భర్తను ముందు కూర్చోబెట్టుకుని బయలుదేరాం. పొద్దున దాటి వచ్చిన వాగు మధ్యాహ్నానికి ఇంకా పొంగింది. సాయిబన్న బ్రేకు తొక్కబోయాడు.

"ఆగబాకన్నా, పోనీ" అన్నారు డాక్టరమ్మ.

కారు నీళ్లు చీల్చుకుంటూ అవతలి గట్టెక్కి, మెత్తటి నేలలో దిగబడి ఆగిపోయింది. సాయిబన్న కడ్డీ తీసి చూశాడు. ఆయిలు మట్టం పెరిగింది, రంగు పాలు కలిపినట్టు తెల్లబారింది.

"నీళ్లు దిగినాయమ్మా. ఇట్టే స్టార్టు చేస్తే ఇంజను పట్టేస్తాది. ఉండేదంతా తీసెయ్యాల."

అడుగు బోల్టు బురదలో కూరుకుపోయింది. జాకీ పెడితే జాకీయే కిందికి దిగిపోయింది. డాక్టరమ్మ కారు చుట్టూ తిరిగారు. ఒకసారి రోడ్డు వైపు నడిచి, మళ్లీ వచ్చారు. ఉన్నట్టుండి నా వైపు చెయ్యి చాచారు.

"ఎనిమా పంపు తియ్యి. ఆ సన్న రబ్బరు గొట్టం కూడా."

నేను సంచి తెరవబోతే, "ఇచ్చేసి పో. ఈ నూనె నువ్వు ముట్టుకోబాక. నీ చేతులు ఆ అమ్మాయికి కావాల" అన్నారు.

గొట్టం కడ్డీ బొక్కలోంచి అడుగుదాకా దించి, రెండో కొసకి పంపు తగిలించి, ఆమె రబ్బరు బుడ్డి పిసకడం మొదలుపెట్టారు. ముందు నీళ్లు, తరవాత తెల్లటి నురగ, ఆపైన నల్లటి నూనె కారు పక్కన పడసాగాయి. సాయిబన్న ప్లగ్గులు విప్పి తుడుస్తున్నాడు. భర్త తాటాకులు కొట్టుకొచ్చి చక్రాల కింద పరుస్తున్నాడు.

"ఏం చేస్తుండారమ్మా వాళ్లు?" అని వెనక సీట్లో నా పక్కనున్న అత్త అడిగింది.

"కారుకి కడుపు కడగతా ఉండారు" అన్నాను. ఆమె నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

నొప్పి వచ్చినప్పుడల్లా ఆ పిల్ల నా మణికట్టు పట్టుకునేది. పొట్ట మీద చెక్క గొట్టం ఆనించి బిడ్డ గుండె వింటూనే ఉన్నాను. అది నెమ్మదించింది.

"అమ్మా, బిడ్డ గుండె తగ్గతా ఉండాది" అని అరిచాను.

"వింటా ఉండు. నాకు చెప్తా ఉండు" అన్నారు, పిసకడం ఆపకుండా.

ఇక గాలే వస్తోందన్నప్పుడు డబ్బాలోని కొత్త ఆయిలు పోశారు. ఇంజను దగ్గి, ఆగి, మళ్లీ దగ్గి అందుకుంది.

ఆపరేషను చేశారు. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

"మా కోడలు బతికినాది, అంతే చాలమ్మా" అని అత్త చేతులు పట్టుకుంటే డాక్టరమ్మ తలూపారు. మర్నాడు పొద్దున నన్ను వెంటబెట్టుకుని నేరుగా షెడ్డుకి నడిచారు. సాయిబన్న అప్పటికే కారు గుంత మీద పెట్టి, అడుగు బోల్టు విప్పుతున్నాడు. చిక్కటి మడ్డి, దాంతో పాటు ఇంకా కాసిని నీళ్లు పడ్డాయి.

"ఇది లోపల పెట్టుకోనే వచ్చినామా అన్నా?"

"అయినా వచ్చినాది గదమ్మా" అన్నాడు సాయిబన్న.

ఆమె అక్కడే, పక్కన పడున్న పాత టైరు మీద, అంతా కారేదాకా కూర్చున్నారు. అంతసేపు ఆమె కూర్చోగా నేను చూడడం అదే మొదలు. ఆ తరవాత ఆయిలు మార్చిన ప్రతిసారీ వచ్చి కూర్చునేవారు. ధార దారమై, దారం తెగి చుక్కలయ్యేది. సాయిబన్న బోల్టు అందుకుని, "చాలమ్మా, బిగిస్తా" అనేవాడు.

ఆమె చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, గుంతలోకి వంగి, రాలీ రాలని చుక్కని చూస్తూ చెయ్యి అడ్డం పెట్టేవారు.

"ఉండన్నా. ఇంకోటి ఉండాది."