మాస్టారు జేబులో దాచిన ప్లాస్టరు

మా డ్రిల్లు మాస్టారు పోయారని మొన్న మార్టూరు బస్సులో తెలిసింది. చెప్పినామె బడిలో నాతో పాటు ఖోఖో ఆడిన పిల్లే. "నీ కాలికి కట్టు కట్టేవారే, ఆయన" అని గుర్తు చేసింది. నాకు గుర్తు చెయ్యాలా? ఆయన ఎదురుపడతారేమోనని ఆరేళ్లుగా సందులు మారుస్తూ తిరిగినదాన్ని. చదివేవాళ్లు నన్ను మెచ్చుకోవాలని ఇది రాయడం లేదు.

తొమ్మిదో తరగతిలో నా కుడి చీలమండ అస్తమానం మడతపడేది. ఒకసారి బెణికిందేమో, ఆ తర్వాత చేలో గట్టు దిగినా చాలు, పక్కకు ఒరిగిపోయేది. మాస్టారు గుంటూరు వెళ్లినప్పుడల్లా సాగే ప్లాస్టరు చుట్ట కొనుక్కొచ్చేవారు. నేలమీద కూర్చుని, నా పాదం తన మోకాలి మీద పెట్టుకుని, మడమ కింద నుంచి బయటి వైపుకు లాగి పైకి అతికించేవారు. అయ్యాక ఒంటికాలి మీద నిలబెట్టేవారు.

"కట్టు నీ కాలిని మోయదమ్మా. ఎటు ఒరుగుతోందో గుర్తు చేస్తుందంతే. నిలబడాల్సింది నువ్వే" అనేవారు. తిట్టడం ఆయనకు చేతకాదు. కోపం వస్తే విజిల్ గట్టిగా ఊదేవారు.

పోటీల ముందురోజు సాయంత్రం కట్టి, "రేపు ఆట అయ్యేదాకా తియ్యకు" అన్నారు. ఇంటికెళ్తే నాయనమ్మ గుమ్మంలోనే ఆపింది.

"ఎవరు కట్టారే అది?"

"డ్రిల్లు మాస్టారు."

"ఆ పేటవాడా? పీకి అవతల పారేసి, కాళ్లు కడుక్కుని లోపలికి రా."

మాస్టారి ఇల్లు ఊరి చివర, క్రైస్తవుల పేటలో. నేను ఎదురు చెప్పలేదు. నిజం చెప్పాలంటే, చెప్పాలని అనిపించను కూడా లేదు. పీకి, మిరపకాయలు ఆరబోసిన కల్లంలో పడేశాను. తెల్లారి భయం వేసింది. అదే ప్లాస్టరు ఏరుకొచ్చి చుట్టుకుని, పైన మేజోడు తొడిగాను. "బిగుతుగా ఉందా?" అని మాస్టారు అడిగితే "ఉందండి" అన్నాను.

ఆట మధ్యలో కాలు మడతపడింది. ఈసారి లేవలేకపోయాను. మాస్టారు పరుగున వచ్చి మేజోడు తీస్తే ప్లాస్టరు ఊడి చేతిలోకి వచ్చింది. జిగురు నిండా మిరపగింజలు. ఒక్కసారి నా ముఖం చూశారు. అందరూ మూగేలోపు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

మర్నాడు నాన్న బడికెళ్లి, "ఏవో అతుకులేసి మా పిల్ల కాలు పాడుచేశాడు" అని అరిచి వచ్చాడు. హెడ్మాస్టరు గారు మాస్టారిని ఆటల నుంచి తప్పించారు. ఆ తర్వాత ఆయనకు మిగిలింది పొద్దున ప్రార్థనలో వరసలు సరిచేసే పని. జేబులోది తీసి చూపిస్తే సరిపోయేది, ఆయన చూపించలేదు. నిజం తెలిసిన రెండో మనిషిని నేను, వరసలో చేతులు కట్టుకుని నిలబడేదాన్ని. అప్పుడు రావలసిన సిగ్గు ఇప్పుడొచ్చి ఎవరికి ఉపయోగం?

నిన్న వాళ్లింటికెళ్లి మాస్టారి భార్యకు అంతా చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"ఆయన ఆ రోజే చెప్పారమ్మా. బయటపెడితే పిల్లను ఇంట్లో కొడతారు, వద్దన్నారు. ఆ పిల్లే వచ్చి చెప్తుందిలే అనేవారు."

"ఎన్నాళ్లు అన్నారండీ అలా?"

"మొన్నామధ్య మంచం పట్టేదాకా."

వాళ్ల వాకిలి మెట్టు బాగా ఎత్తు. దిగడానికి నేను తటపటాయిస్తుంటే ఆవిడ చూసి చెయ్యి అందించింది. కిందికి దిగాక కూడా ఆ చెయ్యి వదల్లేక, ఎండలో అలాగే నిలబడిపోయాను.