నేనేగారి నేరాలు

ఆ వీధిలో ఎవరు ఏ తప్పు చేసినా ఒప్పుకునేది మాత్రం ఒక్కరే. కరెంటు పోతే "నేనేనండీ, ఇస్త్రీపెట్టె పెట్టాను" అంటారు. పక్కింటివాళ్ళ పాలు పొంగితే "నేనే, గోడ మీంచి పలకరించాను" అంటారు. ఒకసారి చెప్పాపెట్టకుండా వాన పడి అందరి బట్టలూ తడిస్తే, "నేనే, ఇవాళ ఎండ బాగుందన్నాను" అని తలవంచుకున్నారు. అలా అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప మరెక్కడా మిగలకుండా పోయి, అందరికీ ఆయన నేనేగారు అయిపోయారు.

నీళ్ళ సరఫరా ఆఫీసులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసి పదకొండు మెమోలు సంపాదించుకున్నారు. వాటిలో ఒకటి ఆయన సెలవులో ఉన్న రోజుది. "మీరు ఊళ్ళోనే లేనప్పుడు తప్పెలా చేశారయ్యా?" అని పై అధికారి అడిగితే, "లేకపోవడమే తప్పు కదండీ" అన్నారట. ఆ అధికారి కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు ఫ్యానుకేసి చూశాడని చెబుతారు.

నేనేగారింటికి కోడలు వచ్చి మూడు నెలలైంది. వచ్చిన మొదటి వారంలోనే ఆమె చేతిలోంచి గాజుగిన్నె జారి భళ్ళుమంది. వరండాలో పేపరు చదువుకుంటున్న మావగారు అక్కణ్ణుంచే "నేనే!" అని కేకేశారు. అత్తగారు పరుగున వచ్చి, ముక్కలు తనే ఊడ్చి, వరండాలోకి వెళ్ళి ఆయన్ని కడిగేసి వచ్చారు. కోడలు నోరు తెరిచే లోపే విచారణ, శిక్ష రెండూ అయిపోయాయి.

సోమవారం పొద్దున ఏడున్నరకి అసలు కథ మొదలైంది. కోడలికి ఆ రోజే కొత్త ఉద్యోగం. లిఫ్టులు బాగుచేసే కంపెనీ. తొమ్మిదింటికల్లా సొంత బండి మీద హాజరు కావాలి. రోజుకి ఆరు భవనాలు తిరిగే పని కాబట్టి బండి లేనివాళ్ళని చేర్చుకోబోమని ముందే చెప్పేశారు. భర్త తెల్లవారుజాము షిఫ్టుకి వెళ్ళిపోయాడు. కోడలు బూట్లు వేసుకుని, పెరట్లో మోటార్‌సైకిల్ తాళం తిప్పి, సెల్ఫ్ బొత్తాం నొక్కింది.

టక్ టక్ మంది. హెడ్‌లైటు ఆరిపోయింది. బొత్తాం వదిలితే మళ్ళీ వెలిగింది. బండికి కిక్కు లేదు, ఆ బొత్తామే దిక్కు.

"నేనేనమ్మా!" నేనేగారు మెట్ల మీంచి దిగుతూనే నేరం తన మీద వేసుకున్నారు. "నిన్న బండి కడిగాను. బొత్తాంలోకి నీళ్ళు పోయాయి."

కోడలు నమ్మింది. స్విచ్చి విప్పి, పొడిబట్టతో తుడిచి, నోటితో ఊదింది. ఇరవై నిమిషాలు పోయాయి. నొక్కితే మళ్ళీ టక్ టక్.

"అయితే నీళ్ళు కాదు," అన్నారాయన గడ్డం గోక్కుంటూ. "ఫ్యూజు. ఫ్యూజు నేనే పీకేశాను."

"ఫ్యూజు పీకితే లైటెలా వెలుగుతుంది మావయ్యా?"

"సగమే పీకి ఉంటాను."

"సగం పీకడం ఉండదు!"

"అయితే రాత్రి తాళం తిప్పి వదిలేశానేమో, బ్యాటరీ దిగిపోయింది. నువ్వు లోపలికెళ్ళి కాస్త కాఫీ తాగిరా. ఈలోగా నేను చూస్తాను."

"తాళం రాత్రంతా నా దిండు కింద ఉంది మావయ్యా."

కోడలు సంచిలోంచి కరెంటు కొలిచే మీటరు తీసి, బ్యాటరీ చూద్దామని సీటు ఎత్తబోయింది. నేనేగారు గభాలున వెళ్ళి సీటు మీద కూర్చున్నారు.

"లేవండి మావయ్యా."

"మోకాళ్ళమ్మా. కూర్చుంటే లేవలేను."

"ఎనిమిదైంది. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో!" అంది కోడలు. ఆ మాటకి నేనేగారు ఒక్క క్షణం కూడా నిలవలేకపోయారు. మోకాళ్ళ సంగతి మరిచి చటుక్కున దిగిపోయారు.

సీటు లేపింది. మీటరు పెడితే పన్నెండున్నర వోల్టులు చూపించింది. బ్యాటరీ నిండుగానే ఉంది. బ్యాటరీకి నల్లతీగ బిగించిన బోల్టుని వేలితో తాకింది. అది కుళాయిలా తిరిగింది. అంత వదులు తీగతో లైటైతే వెలుగుతుంది గానీ ఇంజను తిరగదు. కానీ కోడల్ని ఆపేసింది వదులు కాదు, మెరుపు. రెండేళ్ళ పాత బోల్టు అద్దంలా తళతళలాడుతోంది. ఆ ఇంట్లో తలుపు గడియ నుంచి నీళ్ళ కుళాయి దాకా లోహమన్నదాన్ని అలా తోమే చెయ్యి ఒక్కటే ఉంది.

కోడలు తలెత్తింది. నేనేగారు పెదాల మీద వేలు పెట్టుకున్నారు.

"కోడలికి మొదటి రోజు, బండి మెరవాలని మీ అత్తయ్య నిన్న మధ్యాహ్నమంతా తోమింది," అని గొణిగారు. "రాత్రి నిద్ర కూడా పోలేదు, నీ ఉద్యోగం గురించే. నన్ను తిడితే దాని కోపం ఐదు నిమిషాల్లో చల్లారుతుంది, నాకూ అలవాటే. తప్పు తనదని తెలిస్తే వారం రోజులు ముద్ద దిగదమ్మా దానికి."

కోడలికి గాజుగిన్నె గుర్తొచ్చింది. ముచ్చటేసింది, నవ్వూ వచ్చింది, కాస్త కళ్ళూ చెమర్చాయి. అన్నీ ఒకేసారి వచ్చినా తొమ్మిదింటి సంగతి మరిచిపోలేదు. పదో నంబరు స్పానరుతో బోల్టు బిగించేసింది.

అప్పుడే అత్తగారు క్యారేజీతో వచ్చారు. "ఇంకా బయల్దేరలేదా? ఏమొచ్చింది బండికి?"

"నేనే అత్తయ్యా," అంది కోడలు. "మొన్న నేనే బోల్టు వదులు చేసి మరిచిపోయాను."

నేనేగారికి ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఏళ్ళలో ఆయన నేరాన్ని కళ్ళెదుటే లాక్కున్నవాళ్ళు లేరు.

"అదేం కుదరదు! వదులు చేసింది నేను!"

"కాదు మావయ్యా, నేనే!"

"నేనంటే నేనే!"

అత్తగారు ఇద్దర్నీ పక్కకి నెట్టి సీటు కిందకి వంగి చూశారు. "ఆగండాగండి. ఇంత మెరుపు తేవడం మీ ఇద్దరి వల్లా అవుతుందా? తోమింది నేను!" అన్నారు గర్వంగా. అంతలోనే మాట సన్నబడింది. "బోల్టు విప్పీ... బిగించడం మరిచానా? అమ్మాయికి మొదటి రోజే..."

కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని, ఆ చేతి బొటనవేలునే బొత్తాం మీద పెట్టి నొక్కింది. ఇంజను ఒక్క గురక పెట్టి అందుకుంది. అత్తగారు ఉలిక్కిపడి, పకపకా నవ్వేశారు.

"అయినా నిన్న నీకు స్పానరు వెతికిచ్చింది మాత్రం నేనే," అన్నారు నేనేగారు మెల్లగా.

అత్తగారు గిర్రున ఆయన వైపు తిరిగారు. "అవునే! అది మాత్రం నిజంగా మీరే!"

అన్నాళ్ళకి సాక్ష్యంతో సహా రుజువైన మొదటి నేరం అది. కోడలు గేటు దాటి మలుపు తిరిగే దాకా కూడా నేనేగారు ఛాతీ విరుచుకుని అక్కడే నిలబడి, భార్య తిట్లు ఒక్కటీ వదలకుండా విన్నారు.