పిల్లి నోటి కుందేలు

హుజూర్‌నగర్ అవతల మా ఊళ్లో మేము పిల్లిని పెంచింది ముచ్చటకు కాదు. జొన్నల గుమ్మిని ఎలుకలు ఖాళీ చేస్తుంటే మా అవ్వ, అంటే బాపును కన్నతల్లి, ఎక్కడి నుంచో తెచ్చి ఇంట్లో వదిలింది. ఎలుకల సంగతేమోగాని, అది పాలకుండను మాత్రం శ్రద్ధగా కనిపెట్టుకుని ఉండేది. నిజాం రాజ్యం చివరి రోజులవి. అమ్మ పోయి చాలా కాలమైంది. ఇంట్లో బాపు, అవ్వ, చిన్నపిల్లనైన నేను.

ఒక పొద్దున పిల్లి ఆముదపు చేను దిక్కు నుంచి వచ్చింది. నోట్లో బూడిదరంగు ముద్దేదో వేలాడుతోంది. ఎలుక అనుకుని అవ్వ సంబరపడింది.

"చూసినవానే, నా పిల్లి ఊకెనే కూసొని తింటదంటివి!" అని నాతో అంటుండగానే ఆ ముద్ద కాళ్లు కొట్టుకుంది. పొడుగు చెవులు కనిపించాయి. కుందేలు పిల్ల!

నేను కేకపెట్టి ఉరికాను. పిల్లి గుమ్మి కిందికి దూరింది. బాపు బోర్లా పడుకుని చెయ్యి పెట్టి దాన్ని బయటికి లాగాడు. అది ఆయన చేతిని మోచేతి దాకా గీరింది. దవడలు నొక్కితేగాని కుందేలును వదల్లేదు.

"పాపిష్టిదానా! నోరు లేని జీవం గాదె!" అని అవ్వ పిల్లిని చీపురుతో తరిమింది.

మేము కుందేలును తిననివాళ్లమేమీ కాదు. బాపు వలకు చుట్టుపక్కల పేరుండేది. చలికాలంలో ఆయన కుందేలు తెస్తే అవ్వ కారం నూరి వండేది. మరునాడు గిన్నె కడిగే పని కూడా ఉండేది కాదు. ఆ బాపే ఇప్పుడు తన చేతి నెత్తురు తుడుచుకోకుండా కుందేలు మెడకు పసుపు అద్దుతున్నాడు.

"మరి నువ్వు వలేసి పట్టేటివి, బాపూ?" అని అడిగాను.

"అవి పెద్దయి, బిడ్డా" అన్నాడు.

కుందేలును గంప కింద ఉంచాం. గుడ్డపీలికతో మేకపాలు పట్టాను. అది బతికింది. చూడటానికి వాడకట్టంతా వచ్చింది. వచ్చినవాళ్లలో ఎవరి నోటి నుంచో మాట పటేలు ఇంటికి చేరింది. ఒక మధ్యాహ్నం పటేలు మనిషి గుమ్మంలో నిలబడ్డాడు.

"గిర్దావర్ సాబ్ దౌరకొచ్చిండు. కోడికూర తిని తిని యాష్టకొచ్చిందట. మీ ఇంట్ల కుందేలున్నదట గదా, పొద్దుగూకక ముందే కావాలె."

పన్నులు చూసే అధికారి ఊరికొస్తే తిండి ఊరే పెట్టాలి.

"అన్నా, అది పిల్లకూన. పిడికెడు గూడ లేదు" అన్నాడు బాపు.

"సాబ్ నోరు గూడ పెద్దదేం గాదు తియ్యి" అని నవ్వి వెళ్లిపోయాడు.

బాపు గంప దగ్గర కూలబడ్డాడు. కాదంటే చాకిరీ చేయించి నడుము విరగ్గొడతారు. అవ్వే ముందు నోరు తెరిచింది.

"పిల్లి నోట్లకెల్లి తీసి సర్కారు నోట్లె పెడ్తవారా?"

బాపు లేచాడు. నేను కుందేలును గుడ్డలో చుట్టుకుని ఆయన వెనకే చేనుకు పోయాను. కింద వదిలితే అది కదలదు, మా వైపే చూస్తుంది. బాపు చప్పట్లు కొడితే ఆముదపు చెట్లలోకి దూకింది. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం ఎక్కడ పట్టుబడతామోనని దిక్కులు చూస్తున్నాడు.

పటేలు మనిషి మళ్లీ వచ్చేసరికి అవ్వ గుమ్మంలో తల కొట్టుకుంటోంది. "ఏం జెప్పుదునయ్యా, గీ దొంగపిల్లి మింగింది!" పాలకుండ దగ్గర నుంచి పిల్లి మూతి నాక్కుంటూ వచ్చి ఆమె పక్కనే కూర్చుంది. బాపు ఇంకా మానని చేతిని చూపించి, "ఇడిపియ్యబోతే గిట్ల గీరింది" అన్నాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

"గట్లయితే కోడి ఇయ్యి" అన్నాడు వాడు.

ఇంట్లో ఉన్నది ఒక్కటే కోడి. అది గుడ్లు పొదుగుతోంది. వాడు దాన్ని కాళ్లు పట్టి లేపుకుపోతుంటే ఊరంతా వినిపించేలా అరిచింది. నేను ఉరకబోతే బాపు నా భుజం పట్టుకున్నాడు. విడిపించడానికి మాలో ఎవ్వరూ చీపురు పట్టుకోలేదు.

మరునాడు వాడకట్టు పిల్లిని చూడటానికి వచ్చింది. "గిర్దావర్ కంటె ముందు తిన్నదంటే మామూలు పిల్లి గాదే" అని ఒకామె దానికి చేపతల తెచ్చి పెట్టింది. కోడి పోయిన సాయంత్రమే అవ్వ చల్లబడుతున్న గుడ్లను కొంగున కట్టుకుపోయి పక్కింటి కోడి కింద పెట్టి వచ్చింది. వాటిలో కొన్ని పిల్లలయ్యాయి.