తిట్లకి ఒక గడి, మంచి మాటకి ఒక గడి

ఆ రోజుల్లో మనిషి గుణం తెలియాలంటే వాళ్లింట్లో ఒక పూట తింటే చాలు, వడ్డించే గరిటే చెప్పేసేది. ఇప్పుడు మా మనవరాలు ఫోనులో ఏవో ప్రశ్నలకి టిక్కులు పెట్టి, "మామ్మా, నాది మెత్తటి మనసంట" అని మురిసిపోతోంది. (పొద్దున్నే ఒక్క దోసె కోసం తమ్ముడి వీపు విమానం మోత మోగించింది ఆ మెత్తటి మనసే.) నన్నూ కొలుస్తానంది. నన్నొకసారి కొలిచేశారు, చాలన్నాను.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, నరసన్నపేట దగ్గర మా ఊరి అంగన్‌వాడీలో ఆయాగా కొత్తగా చేరాను. పని ఇంకా ఖాయం కాలేదు. అంతలో మనుషుల మనసులు కొలిచే చదువు చదివిన మేడమ్ ఒకావిడ పట్నం నుంచి దిగింది. గుంటలతో, అదే పిల్లలతో, నేనెలా మసులుతానో రెండు రోజులు చూసి రాస్తుందట, ఆ రాతని బట్టే నా పని ఉండటమో ఊడటమో. మూల స్టూలు వేసుకుని కూర్చుంది. కాగితం మీద రెండు గడులు, తిట్లకి ఒకటి, మంచి మాటకి ఒకటి. నేను నోరు తెరిస్తే ఒక గీత. ఇంటికి పోయే వేళకి తిట్ల గడి నిండి అంచు దాటిపోయింది. రెండో గడిలో ఈగ వాలింది, అంతే. "ఒలే, నోరు కట్టుకో. రేపూ ఇలాగైతే నీ పని ఊడిపోతాది" అంది మా టీచరమ్మ.

మర్నాడు నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు మాట్లాడాను. ఉప్మా వడ్డించి, "తినండి నాయనా, మీరు బంగారుకొండలు కదా" అన్నాను. గుంటలంతా గుడ్లప్పగించి నన్నే చూస్తున్నారు. ముక్కు కారే గుంటడొకడు పక్కవాడితో, "ఒరే, ఆయమ్మ మనకి సూది ఏయించేస్తాదిరా" అన్నాడు. (టీకాల రోజు తప్ప మా ఊళ్లో పిల్లల్ని ఎవరూ బంగారుకొండా అనరు.) అంతే, అందరూ ఒక్కసారి రాగం అందుకున్నారు. ఒకత్తి కంచం వదిలేసి గుమ్మం దాకా లగెత్తింది. మేడమ్ మాత్రం వెలిగిపోయే మొహంతో మంచి మాట గడిలో గీతలు గీస్తూనే ఉంది. గిన్నెడు ఉప్మా చల్లారిపోతోంది. పని పోతే పోనీ, తిండి పారబోయటం మా వంశంలో లేదు. "ఒరే సచ్చినోళ్లారా! మింగుతారా, వీపులు సిట్లగొట్టమంటారా?" అని అరిచాను. ఏడుపు టక్కున ఆగింది. పకపకా నవ్వి, కంచాలు ముందుకు లాక్కుని, వేళ్లు నాక్కుంటూ తిన్నారు.

మేడమ్ పెన్ను గాల్లో ఆగిపోయింది. "ఇది తిట్టే కదా?" అని నన్నే అడిగింది.

"కంచాలు సూసి రాయండమ్మా. దానికి గడి ఏటైనా ఉన్నాదా?" అన్నాను. లేదట. అంత చదువు చదివి, ఖాళీ కంచానికి ఒక గడి గీసుకోవటం నేర్వలేదు. నా అరుపుని తిట్ల గడిలోనే వేసుకుని బస్సెక్కింది.

నా పని మాత్రం పోలేదు. అది ఆ కాగితం గొప్పా కాదు, నా గొప్పా కాదు, ఆ జీతానికి ఇంకెవరూ రాలేదు.

సాయంత్రం ఇదంతా విని మా ఆయన పడీపడీ నవ్వాడు. ఆనక మెల్లిగా, "ఆ మేడమ్ మనింట్లో కూడా ఒక పూట కూకుంటే బాగుణ్నే" అన్నాడు. "నీకిప్పుడేటి తక్కువైందో!" అని మండిపడ్డాను. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆయనతోనూ ఒక్క పూట అలా బెల్లంలా మాట్లాడి ఉండాల్సింది, మొహం ఎలా పెట్టేవాడో చూడటానికైనా. ఈ మొండిదానికి అప్పుడు తోచలేదు.