అమ్మ ఏడుపుల ఉద్యోగం

మా అమ్మ సినిమాల్లో ఏడ్చేది. తెర మీద కాదు, తెర వెనక. చంటిపిల్లలు ఏడవమన్నప్పుడు ఏడవరు, ఆపమన్నప్పుడు ఆపరు. అందుకని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లలో వాళ్ల ఏడుపులు కూడా పెద్దవాళ్లే ఏడ్చేవాళ్లు. తొంభైల మొదట్లో ఆ పనిలో మా అమ్మను మించినవాళ్లు లేరని నా గట్టి నమ్మకం. ఇప్పటికీ ఎవరైనా కాదంటే నాకు ఒళ్లు మండుతుంది.

నాన్న పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. అప్పుడు మేం మధురానగర్‌లో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. నేను మారాం చేస్తుంటే అమ్మ నన్ను వెక్కిరిస్తూ ఏడవడం పక్క వీధిలోని డబ్బింగ్ ఆవిడ విన్నది. మర్నాడే అమ్మను వెంటబెట్టుకుని వెళ్లింది. స్కూలుకు సెలవని నేనూ తోకలా వెంట పోయాను. చీకటి గది, ఎర్ర లైటు, తెర మీద చప్పుడు లేకుండా నోరు తెరుస్తున్న పసిపాప. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుక్కపట్టింది. అద్దం వెనక కూర్చున్న సౌండ్ ఇంజనీరు లేచి నిలబడ్డాడు. బయటికొచ్చాక ఆనందం పట్టలేక గేటు దాకా పరిగెత్తాను. అమ్మ కూడా దాదాపు పరిగెత్తింది.

ఇంట్లో సాధన మాత్రం నాన్న ఉద్యోగం వెతుక్కోవడానికి వెళ్లాకే. తన వల్లే నేనిలా ఏడవాల్సి వస్తోందని ఆయన బాధపడతారే, అనేది అమ్మ. మొదటిసారి విన్నప్పుడు ఇంటి ఓనరమ్మ గాబరాగా వచ్చి, "ఎవరి పొల్లగాడు ఏడుస్తుండు గీడ?" అని మంచం కింద కూడా చూసింది. సంగతి తెలిశాక అయ్యో పాపం అని జాలిపడింది. అమ్మ ముఖం చిన్నది చేసుకుని, ఏం చేస్తామండీ, అవసరం, అంది. తలుపు వేశాక అదే ముఖం చూడాలి, వంద క్యాండిల్ బల్బు వెలిగినట్టుండేది. అందరికీ ఆ ఒక్క మాటే చెప్పేది. ఆ మాట చెబితే ఎవరూ ఏమీ అనరు మరి.

మూడేళ్లకు నాన్నకు ఇంకా మంచి ఉద్యోగం వచ్చింది. ఇక నువ్వెక్కడికీ వెళ్లి ఏడవక్కర్లేదని స్వీటు పెట్టె అమ్మ చేతిలో పెట్టారు. ఊరి నుంచి వచ్చిన నాయనమ్మ, నా కోడలి కష్టాలు గట్టెక్కాయని దేవుడికి దణ్ణం పెట్టింది. అమ్మ నవ్వి ఊరుకుంది. పాపం ఏమంటుంది? అవసరం అవసరం అని అందరికీ చెప్పింది, ఇప్పుడు ఆ అవసరమే లేకుండా పోయింది.

నేను ఊరుకోలేదు. అవసరాలు పుట్టించాను. వయొలిన్ క్లాసు కావాలన్నాను. నాన్న వెంటనే చేర్పించారు. సైకిలు కావాలన్నాను. అదీ వచ్చేసింది. అంత మంచి నాన్న మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు.

ఓ ఆదివారం మధ్యాహ్నం స్టూడియో కారు వచ్చి హారన్ కొట్టింది. పసిపాప సీను ఆగిపోయిందట. ఆవిడిక రారని చెప్పడానికి నాన్న గేటు దగ్గరికి నడిచారు. వెనకాలే అమ్మ వచ్చింది, చీర మార్చుకుని, చేతిలో సంచితో.

"ఉండమనండి. వస్తున్నాను."

"ఇప్పుడేం అవసరం?" అన్నారు నాన్న, అర్థంకాక.

కుళాయి దగ్గర ఓనరమ్మ బిందె పక్కన పెట్టి మరీ వింటోంది.

"అవసరం లేదండీ. నాకిష్టం. మొదటి రోజు నుంచీ ఇష్టమే."

నాన్న గేటు మీంచి చెయ్యి తీసి అమ్మ వైపు తిరిగారు. తరువాత మెల్లగా, "ఇన్నేళ్లలో నేనొక్కసారీ వినలేదు. ఏదీ, ఒక్కసారి," అన్నారు.

అమ్మ అక్కడే, గేటు పక్కన, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంత గొప్పగా స్టూడియోలో కూడా ఏడవలేదు. లోపల కునుకు తీస్తున్న నాయనమ్మ అదిరిపడి లేచింది.

"ఎవర్రా ఆ పసిదాన్ని అంతలా ఏడిపిస్తున్నారు? ఎత్తుకోండర్రా ముందు."

నాన్న పగలబడి నవ్వారు. నవ్వుతూనే వెళ్లి అమ్మ కోసం కారు తలుపు తీసి పట్టుకున్నారు.