రెండో తిప్ప మీద మొయిన్

ఈ ప్రయాణానికి కారణం ఒక కళ్ళ డాక్టరు. నా చిన్ననాటి స్నేహితుడు మొయిన్ హైదరాబాదు యాకుత్‌పురాలో మగ్గం పని చేస్తాడు. ఇరవై ఏళ్ళుగా పెళ్ళి చీరల మీద జరీ పువ్వులు కుడుతూ, వంగి వంగి, మూరెడు దూరం దాటి చూడటమే మరిచిపోయాడు. తలనొప్పి ఎక్కువై వెళితే డాక్టరు చుక్కల మందు రాసిచ్చి, అప్పుడప్పుడు దూరం చూడమన్నాడట. మా గల్లీలో దూరం ఎక్కడ దొరుకుతుంది? పదడుగులకు ఎదురింటి గోడ.

"నీళ్ళు చూపెట్టు యాదీ," అన్నాడు. "ఊర్లన్ని తిరిగి పేపర్ల రాస్తవ్. నన్నెన్నడన్న తీస్కపోయినవా?"

నా పేరు యాదగిరి. మాది పాల వ్యాపారం. వీలైన ఆదివారం చవకగా ఎక్కడికైనా వెళ్ళి రావడం, వచ్చి రాయడం నా అలవాటు. అలా నవంబరులో ఒక ఆదివారం సోమశిల దగ్గర కృష్ణా నది మధ్యలో దీవుల్లా ఉన్న తిప్పలు చూడటానికి ఇద్దరం బయలుదేరాం. వెళ్ళాలనుకునేవారికి పనికొస్తాయని వేళలు, ఖర్చులు రాస్తున్నాను. మధ్యలో నేను చేసిన పని కూడా రాస్తాను. దానికి సిగ్గుగానే ఉంది.

పొద్దున నాలుగున్నరకు ఆటోలో ఇమ్లీబన్ బస్టాండుకు వెళ్ళాం. మొయిన్ చేతిలో నాలుగంతస్తుల టిఫిన్ డబ్బా ఉంది. "బగారా అన్నం, మిర్చీ కా సాలన్," అన్నాడు. "నీకు కార్తీకం గద, మాంసం ముట్టవ్. షాహీన్ కొత్త గిన్నెల వండింది. ఫికర్ జెయ్యకు." షాహీన్ అతని భార్య. నేను కార్తీకం ఆచరిస్తున్నట్టు ఆమెకు చెప్పిన గుర్తు కూడా నాకు లేదు.

అయిదింటికి కొల్లాపూర్ బస్సు కదిలింది. టికెట్ తలకు మూడు వందల లోపే. కిటికీ సీటు మొయిన్‌కు ఇచ్చాను. ఆ ఒక్క మంచి పని చేశానని ఇప్పుడు చెప్పుకోవడం కూడా బాగుండదేమో. తెల్లవారాక అతను కళ్ళు చికిలించి చెట్లు లెక్కపెట్టాడు. జడ్చర్ల దాటాక పక్క సీటు పెద్దమనిషి ఎక్కడికని అడిగాడు. చెబితే, "మంచిగ పోతున్నరు. ఇప్పుడు నీళ్ళు నిండుగున్నయ్. ఎండకాలం పోతే సగం తిప్పలు ఉత్త గుట్టలే," అన్నాడు. కాబట్టి వెళ్ళేవారు చలికాలంలోనే వెళ్ళండి.

కొల్లాపూర్ చేరేసరికి పదికి పావు తక్కువ. బస్టాండు ముందు ఇడ్లీ తిని షేర్ ఆటో ఎక్కితే ఇరవై నిమిషాల్లో సోమశిల. మలుపు తిరగగానే నది కనబడింది. మొయిన్ ఆటోలోంచి సగం బయటికి వంగాడు. అవతలి ఒడ్డు నీలంగా, కొండల కింద సన్నటి గీతలా ఉంది. "అబ్బ, ఎంత దూరముందిరా," అన్నాడు. ఎవరికైనా దూరం చూసి అంత సంతోషం కలగడం నేనెప్పుడూ చూడలేదు.

పదకొండు గంటల పడవ మూడు తిప్పలు తిప్పి, మూడు గంటల్లో తిరిగి తెస్తుంది. తలకు నూటయాభై. పడవలో వనపర్తి వైపు నుంచి కార్తీక స్నానానికి వచ్చిన ఒక కుటుంబం కూర్చుని ఉంది. తొమ్మిది మంది. వాళ్ళలో పెద్దావిడ బుచ్చమ్మ. ఆమె అల్లుడు గడియారం చూసుకుంటూ తొందరపడుతున్నాడు. సరిగ్గా అప్పుడే నాకు సోమేశ్వరుడి గుడిలో దీపం పెట్టాలనిపించింది. చెప్పులు మొయిన్‌కు ఇచ్చి పరుగెత్తాను. గుడిలో వరుస ఉంది. పావుగంట పైనే పట్టింది. గుడి మెట్ల మీద ఉండగా రేవులోంచి మొయిన్ గొంతు వినబడింది.

"జర ఆగు అన్నా. మావోడు దీపం పెట్టనీకె పోయిండు. వస్తడు."

పడవ నడిపే బాలయ్య ఆగాడు. అల్లుడు కూడా ఏమీ అనలేదు. నేను వచ్చేసరికి మొయిన్ ఒక కాలు రేవు మెట్టు మీద, ఒక కాలు పడవ అంచు మీద పెట్టి నిలబడి ఉన్నాడు, చేతిలో నా చెప్పులు.

మొదటి తిప్ప చిన్నది. చుట్టి రావడానికి ఇరవై నిమిషాలు చాలు. బండలు, సీతాఫలం పొదలు, నీటి కాకులు. మొయిన్ మోకాళ్ళ దాకా నీళ్ళలోకి దిగి చిన్నపిల్లాడిలా ఆడాడు. తడుస్తుందని అతని ఫోను నా సంచిలో వేశాను.

రెండో తిప్పకు పన్నెండుంబావుకు చేరాం. ఇది పెద్దది, మధ్యలో గుట్ట ఉంది. అరగంట టైం ఇచ్చాడు బాలయ్య. "ఎంతమందిని దించిన్నో అంతమందే ఎక్కాలె," అన్నాడు. మొయిన్ కాసేపు ఒడ్డున తిరిగి, తర్వాత నదిలో కాళ్ళూ చేతులూ కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని, "నమాజ్ చేసుకొని వస్త యాదీ, జర చూసుకో," అని డబ్బాతో సహా గుట్ట వెనక్కి వెళ్ళాడు.

ఒంటిగంటకు పావు తక్కువ అయింది. అందరూ ఎక్కారు. బాలయ్య తలలు లెక్కపెట్టి, "ఒకరు తక్కువున్నరు. మీతోటి వచ్చినాయన ఏడి అన్నా?" అన్నాడు. అల్లుడు, "ఇంక మూడోది చూడాలె, వ్యాను ఆగి ఉన్నది," అన్నాడు. అందరూ నా వైపు చూశారు.

గుట్ట పక్క నుంచి మొయిన్ నాకు కనబడుతున్నాడు. తువ్వాలు పరుచుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను కూర్చున్న చోటి నుంచి మాత్రమే కనబడతాడు. 'నమాజులో ఉన్నాడు, అయిదు నిమిషాలు ఆగండి' అంటే సరిపోయేది. పడవ నిండా తడి బట్టలు, పసుపు కుంకుమలు, నదీస్నానం చేసి వచ్చినవాళ్ళు. వీళ్ళేమనుకుంటారో అనిపించింది. ఎవరూ ఏమీ అనకముందే నాకే అనిపించింది.

"వాడు ఫొటోలు తీసుకుంటున్నాడు. మీరు పోనివ్వండి, వచ్చేటప్పుడు ఎక్కించుకుందాం," అన్నాను.

బాలయ్య ఒక క్షణం ఆలోచించి మోటారు వేశాడు. పడవ యాభై గజాలు పోయిందో లేదో, బుచ్చమ్మ వెనక్కి చూసి, "అగో, మీ దోస్తు ఒడ్డుకు ఉరికొచ్చిండు గద బిడ్డా. పడవ తిప్పమనరాదు?" అంది.

నేనూ చూశాను. మొయిన్ నీళ్ళ అంచున నిలబడి ఉన్నాడు. కేక వేయలేదు, చెయ్యి ఊపలేదు.

"పర్వాలేదమ్మా. వాడికి అక్కడ బాగుందట," అన్నాను. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి రెండోది ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం నాకే చూపించుకోబుద్ధి కాదు.

మూడో తిప్ప మీద చిన్న గుడి, వంటలు చేసుకోవడానికి చదును చేసిన నేల ఉన్నాయి. చాలా అందమైన చోటు అని బాలయ్య చెప్పాడు. నేను చూసింది తక్కువ. బుచ్చమ్మ విస్తరాకులో పులిహోర పెట్టి, ఇంకో ఆకులో పొట్లం కట్టింది. "ఇది మీ దోస్తుకు," అంది. సరిగ్గా అప్పుడే నా సంచిలో ఫోను మోగింది. తీసి చూస్తే మొయిన్ ఫోను. షాహీన్ చేస్తోంది. నేను ఎత్తలేదు. ఏమని చెప్పను?

బుచ్చమ్మ ఫోను వైపు, నా వైపు చూసింది. "ఫొటోలు తీస్తున్నడంటివి. ఫోనేమో నీ సంచిల మోగవట్టె."

అబద్ధాలు అయిపోయాయి. "నమాజు చేసుకుంటున్నాడమ్మా," అన్నాను.

"మరి గట్ల చెప్పకపోతివి?"

"మీరేమన్నా అనుకుంటారని..."

ఆమె చెయ్యి కడుక్కోకుండానే అలాగే కూర్చుంది. కోపం కంటే బాధే ఎక్కువ ఉన్నట్టుంది ఆ మొహంలో. "మేమా? మా ఊర్ల పీర్ల పండుగకు మా ఇంటి ఎండుకొబ్బరి కుడుకల దండ పడంది పీరు లేవదు బిడ్డా. పొద్దుగాల గాయన నీ దీపం కోసం పడవ ఆపిండు. మేము ఒక్క మాటన్న అన్నమా? మమ్ముల గట్లెట్ల అనుకుంటివి?"

బాలయ్య పక్కనే నిలబడి అంతా విన్నాడు. "చెప్తే పావుగంట ఆగకపోదునా అన్నా," అని మాత్రం అని, చెప్పిన టైం కాకముందే మోటారు దగ్గరికి వెళ్ళాడు. తొందరపడే అల్లుడు కూడా సగం తిన్న విస్తరి మడిచి లేచాడు. నేను మంచివాళ్ళను చెడ్డవాళ్ళనుకున్నాను, నా వాణ్ణి నావాడనలేకపోయాను. ఒకే మాటతో రెండూ చేశాను.

రెండుంబావుకు రెండో తిప్ప చేరాం. మొయిన్ ఒక బండ మీద కూర్చుని ఉన్నాడు. పక్కన డబ్బా, మూత తీయలేదు.

"తినలేదా?" అన్నాను.

"నువ్వు రాంది ఎట్ల తింట?" అన్నాడు. గంటన్నర ఒంటరిగా వదిలేసి పోయిన మనిషితో అన్న మొదటి మాట అది.

పడవలోనే డబ్బా విప్పాడు. బుచ్చమ్మ పులిహోర పొట్లం అతని చేతిలో పెట్టింది. అతను బగారా గిన్నె ఆమె ముందుకు జరిపి, "మాంసం లేదమ్మా. మావోనికి కార్తీకం," అన్నాడు. ఆమె నా వైపు చూడకుండా వడ్డించుకుంది. చాలా బాగుందంది. అందరూ తిన్నారు. నాకు కారం ఎక్కువైనట్టు కళ్ళు తుడుచుకున్నాను.

నాలుగింటికి కొల్లాపూర్‌లో తిరుగు బస్సు. మళ్ళీ కిటికీ సీటు మొయిన్‌దే. నాగర్‌కర్నూల్ దాటాక నేనే మొదలుపెట్టి, పడవలో ఏం చెప్పానో, ఎందుకు చెప్పానో దాచకుండా చెప్పాను. అతను కిటికీలోంచి కళ్ళు తిప్పలేదు.

"మోటర్ చప్పుడు వినబడంగనే సగంలనే ఇడిచిపెట్టి ఉరికొచ్చిన," అన్నాడు. "నమాజు ఎన్నడు గట్ల ఇడువలే. నా కోసం నువ్వు పరేషాన్ అయితున్నవేమో అనుకున్న."

నేను క్షమించమన్నాను. అతను వెంటనే పర్వాలేదనలేదు. అననందుకు నాకు మంచిదే అనిపించింది.

కాసేపటికి, "డాక్టర్ దూరం చూడుమన్నడు గద," అన్నాడు. "చూసిన. నీ పడవ చీమంత అయ్యేదాంక చూసిన."

బయట పొద్దు గూకుతోంది. ఈ ప్రయాణానికి తలకు వెయ్యి రూపాయలు కూడా కాలేదు. బస్సు సౌకర్యం ఉంది, నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి, మనుషులు మంచివాళ్ళు. తప్పక వెళ్ళండి. అక్కడ వెలితి ఏమన్నా ఉందంటే అది నేను హైదరాబాదు నుంచి మోసుకుపోయినదే.

షాద్‌నగర్ దగ్గర దీపాలు మొదలయ్యాక మొయిన్ నా వైపు తిరిగాడు. "ఇది పేపర్ల రాస్తవా?"

"రాస్తా."

"రాయి. కాని ఫొటోలు తీసుకుంటుండె అని రాయకు. నమాజుల ఉండె అని రాయి."

రాశాను.